కంట్రోల్ డిష్ కూడా ఆటో ఎక్కాలి

ఎందుకు రాస్తున్నాను

పోయిన నెల మౌనిక ఫోన్ చేసింది. నేను రిటైరయ్యాక మా ల్యాబులో నా పనిలోకి వచ్చిన టెక్నీషియన్ ఆమె. తెలివైన పిల్ల. తెలియనిది అడగడానికి సిగ్గుపడదు. ఈ పనిలో అది సగం బలం.

"మేడం, కల్చర్ రూమ్ తలుపు వెనకాల ఒక కాగితం అంటించి ఉంది. 'కంట్రోల్ డిష్ కూడా ఆటో ఎక్కాలి' అని. ఇప్పుడు ఆటోనే లేదు కదా. రేడియేషన్ మిషన్ మన కింది ఫ్లోర్‌లోనే ఉంది. అయినా అందరం కంట్రోల్ డిష్‌లను లిఫ్టులో కిందికి తీస్కపోయి, ఊరికే బల్ల మీద పెట్టి, మళ్ళీ పైకి తెస్తున్నం. రేడియేషన్ ఇవ్వని డిష్‌ను తిప్పుడేంది మేడం? ఏదన్నా సెంటిమెంటా?"

నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ కాగితం వెనక కారణం తెలిసినవాళ్ళం చాలా కొద్దిమందిమి. మా ల్యాబు పెద్దాయన పోయారు. ఆ కాగితం రాసిన మనిషి ల్యాబు వదిలేసి ఎన్నో ఏళ్ళయింది. ఆటో నడిపిన యాదగిరికి తెలుసు గానీ ఆయన్ని ఎవరూ అడగరు. అచ్చయిన వ్యాసాల్లో వెతికితే దొరకదు. ఎందుకంటే ఆ వ్యాసం అచ్చు కాకముందే మేము వెనక్కి తీసుకున్నాం. నియమం మిగిలి కారణం పోతే, కొన్నాళ్ళు దాన్ని ఆచారంలా పాటిస్తారు. తర్వాత ఎవరో ఒకరు మూఢనమ్మకం అని చింపేస్తారు. అలా చింపేలోగా రాసి పెట్టాలని కూర్చున్నాను. మౌనికకూ, ఆమె తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్ళకూ.

నా చదువు

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, రక్తపరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబులో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడి నుంచి మెట్టుగూడలో ఉన్న క్యాన్సర్ పరిశోధన ల్యాబుకు వచ్చాను. శరీరం బయట, గాజు డిష్‌లలో కణాలను పెంచుతారని అక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు.

నేర్చుకున్నదంతా రెండుచోట్ల. పగలు ల్యాబులో, సాయంత్రం చిలకలగూడ గ్రంథాలయంలో. అక్కడి లైబ్రేరియన్ అంజయ్యగారు మొదట నన్ను చూసి వెక్కిరించేవారు.

"ఏం పుష్పలతా, ఈ వయసుల ఎంసెట్ రాస్తవా ఏంది? వారపత్రిక తీస్కపో, కళ్ళకు సుఖం."

"వారపత్రికల కణాల గురించి ఉండది కదా సార్."

"వంటల గురించి ఉంటది. అది సుత సైన్సే."

అలా అన్న మనిషే తరువాత తన కార్డు మీద పెద్ద లైబ్రరీ నుంచి రేడియేషన్ గురించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి ఇచ్చారు. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఫ్యాను కింద బల్ల దగ్గర, ఒక్కో పేరా చదివాను. ఒక పేజీకి ఒక్కోసారి సాయంత్రమంతా పట్టేది. డిగ్రీ లేకపోయినా, రేడియేషన్ కణంలోకి దూరి లోపలి డీఎన్ఏ పోగును ఎలా తెంపుతుందో, కణం ఆ తెగిన పోగును ఎలా అతుక్కుంటుందో నాకు ఆ బల్ల దగ్గరే అర్థమైంది. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. అయితే చదివి అర్థం చేసుకోవడం ఒకటి, చేసి చూడటం ఒకటి. మొదటిది తొందరగా వచ్చేసరికి రెండోదాని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇడ్లీ పిండి

మా పెద్దాయన డాక్టర్ సుబ్బారావుగారు. గుంటూరు వైపు మనిషి. చదువుకునే రోజుల్లో ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాట కరుకు, మనసు నిజాయితీ. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఒకటి చెబుతాను, ఎందుకంటే అసలు కథకు అదే పునాది.

నేను చేరిన కొత్తలో నా డిష్‌లన్నీ వరసగా పాడయ్యాయి. మైక్రోస్కోపులో చూస్తే కణాల మధ్య గుండ్రటి చిన్న గింజల్లా ఏవో పెరుగుతున్నాయి. ఈస్ట్. గది కడిగాం, ఇంక్యుబేటర్ కడిగాం, గాలి ఫిల్టరు మార్చాం. వారం తర్వాత మళ్ళీ అదే.

సుబ్బారావుగారు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. "ఏవమ్మా, నిన్న రాత్రి ఇంట్లో ఏం వండావు?"

"రాత్రి ఏం లేదు సార్. పొద్దున ఇడ్లీ."

"పిండి చేత్తో కలిపావా?"

"చేత్తోనే కదా సార్ కలిపేది. అప్పుడే పొంగుతది."

"నీ పిండితో పాటు నా కణాలు కూడా పొంగుతున్నాయమ్మా."

అప్పటి నుంచి ఇడ్లీ చేసిన రోజు గరిటెతో కలపడం, గోళ్ళ దాకా బ్రష్‌తో తోముకుని గాని కల్చర్ రూమ్‌లోకి అడుగు పెట్టకపోవడం నాకు అలవాటైంది. ఆ రోజు సార్ అన్న మాట గుర్తుంది: "డిష్‌లో ఉన్న కణానికి నువ్వు పెట్టిన మందు ఒక్కటే తెలుస్తుందనుకోకు. నీ వంటిల్లు తెలుస్తుంది, నీ చెయ్యి తెలుస్తుంది, కరెంటు పోయిన సంగతి తెలుస్తుంది. అన్నిటికీ కలిపి జవాబు చెబుతుంది."

అంత బాగా చెప్పిన మనిషీ, అంత బాగా విన్న నేనూ, తర్వాత ఆటోను మర్చిపోయాం.

శ్రావంతి ప్రశ్న

శ్రావంతి పీహెచ్‌డీ చేయడానికి మా ల్యాబుకు వచ్చింది. మెట్టుగూడలోనే పెద్దమ్మ ఇంట్లో పెరిగిన పిల్ల. ఆ పెద్దమ్మ కాలేయ క్యాన్సర్‌తో పోయింది. ఎప్పుడో ఒంట్లో చేరిన హెపటైటిస్ వల్ల వచ్చిన జబ్బు.

"మా పెద్దమ్మ జన్మల కల్లు సుత ముట్టలేదక్కా," అని చెప్పింది ఒకరోజు టిఫిన్ డబ్బా విప్పుతూ. "లివర్ ఖరాబైందంటే బస్తీల అందరు ఒక తీరుగ చూసిండ్రు. చాటుగ తాగేదేమో అన్నరు. ఆమెకు జబ్బు కంటే ఆ మాటదే ఎక్కువ తక్లీఫ్."

డాక్టర్లు ఆ పెద్దమ్మకు రేడియేషన్ ఇవ్వలేమన్నారట. గడ్డ కాలేయంలో చాలా మేర పాకింది. గడ్డను చంపేంత మోతాదు ఇస్తే, చుట్టూ మిగిలిన మంచి కాలేయం తట్టుకోదు. అప్పుడు శ్రావంతి డాక్టరును అడిగిందట, "కొంచెం కొంచెం ఇస్తే సార్?" అని. ఆయన విసుక్కోలేదు. "కొంచెం ఇస్తే ఏమవుతుందో సరిగ్గా తెలియదమ్మా," అన్నారట.

ఆ తెలియనిది తెలుసుకోవడానికే ఆమె మా దగ్గరికి వచ్చింది. కాలేయ క్యాన్సర్ కణాలకు చాలా చిన్న మోతాదు రేడియేషన్ ఇస్తే అవి చస్తాయా, ఊరుకుంటాయా, లేక ఇంకా హుషారుగా పెరుగుతాయా? మిగతావాళ్ళకు పీహెచ్‌డీ అంటే పట్టా. ఆమెకు ఒక జవాబు బాకీ.

మా పద్ధతి

పని ఇలా ఉండేది. ఒక్కో డిష్‌లో కొన్ని వందల కణాలు చల్లుతాం. అవి అడుగున అంటుకున్నాక కొన్నిటికి రేడియేషన్ ఇస్తాం. కొన్నిటికి ఇవ్వం, అవి పోల్చుకోవడానికి. వాటినే కంట్రోల్ అంటాం. తర్వాత అన్నిటినీ ఇంక్యుబేటర్‌లో రెండు వారాలు కదపకుండా ఉంచుతాం. బతికిన ఒక్కో కణం పిల్లలు పెట్టి, ఒక గుంపు అవుతుంది. ఊదా రంగు వేస్తే ఆ గుంపులు చుక్కల్లా కనిపిస్తాయి, తెల్ల గచ్చు మీద నేరేడు పండ్లు రాలినట్టు. చుక్కలు లెక్కపెడితే ఎన్ని కణాలు బతికాయో తెలుస్తుంది.

మా ల్యాబులో రేడియేషన్ మిషన్ లేదు. దూరంగా ఉన్న ఒక ఆసుపత్రిలో రోగులకు చికిత్స ఇచ్చే కోబాల్ట్ మిషన్ ఉండేది. మధ్యాహ్నం రోగులు అయిపోయాక మాకు కాసేపు ఇచ్చేవాళ్ళు. డిష్‌లను థర్మకోల్ డబ్బాలో పెట్టి, యాదగిరి ఆటోలో, ఆలుగడ్డబావి వంతెన కింద నుంచి తీసుకెళ్ళేవాళ్ళం. యాదగిరి మా ఇంటి దగ్గరివాడే. డబ్బా ఎక్కించినప్పుడల్లా అదే హాస్యం.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి. ఎందరు పిల్లలు ఇయ్యాల? హాఫ్ టికెట్ కొట్టాలె కదా!"

అక్కడ డోసు లెక్క కట్టే ఫిజిసిస్టు డేవిడ్‌గారు ఉండేవారు. మోతాదు చాలా చిన్నది కావాలి కాబట్టి డబ్బాను మిషన్‌కు వీలైనంత దూరంగా, నేల మీద పెట్టించేవారు. ఆయన లెక్కలో వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

కంట్రోల్ డిష్‌లు మాత్రం ఎప్పుడూ ల్యాబు దాటేవి కావు. ఇంక్యుబేటర్‌లో వెచ్చగా కూర్చునేవి. ఇది బద్ధకం కాదు. మా ల్యాబు అంతకుముందు ఎన్నో ఏళ్ళు పెద్ద మోతాదుల మీదే పనిచేసింది. పెద్ద మోతాదులో నూటికి తొంభై కణాలు చస్తాయి. అక్కడ ఆటో కుదుపుకు ఇంకో నాలుగు చచ్చినా లెక్క మారదు. డబ్బాలో చోటు తక్కువ, కంట్రోల్‌ను ఎందుకు ఎండలో తిప్పడం అని ఎవరో ఎప్పుడో అన్నారు, అదే పద్ధతి అయింది. పెద్ద మోతాదుకు సరిపోయిన అలవాటును చిన్న మోతాదుకు అలాగే తీసుకొచ్చాం. చిన్న మోతాదు చంపేదే నాలుగు కణాలనైతే, ఆటో చంపే నాలుగూ ఏ లెక్కలోకి పోతాయి?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎంత సులభంగా రాశానో చూడండి. అప్పుడు సార్, శ్రావంతి, నేను, ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

వాచ్‌మన్

మొదటి ఫలితాలు వచ్చినప్పుడు శ్రావంతి నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. "అక్కా, జెర నువ్వు లెక్కపెట్టు. నా కండ్లు నన్నే మోసం చేస్తున్నయేమో."

లెక్కపెట్టాను. అతి చిన్న మోతాదుకే కంట్రోల్ కంటే నాలుగో వంతు చుక్కలు తక్కువ. మోతాదు రెట్టింపు చేస్తే? అంతే. ఇంకా పెంచితే? దాదాపు అంతే. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే.

మోతాదు పెరిగినా చావు పెరగకపోవడం వింత. దానికి కారణం నా దగ్గర ఉంది! సాయంత్రాలు గ్రంథాలయం బల్ల దగ్గర చదివిందే. కణం లోపల మరమ్మతు చేసే ఏర్పాటు ఒకటుంది. దెబ్బ మరీ చిన్నదైతే ఆ ఏర్పాటు మేల్కోదని, దెబ్బ పెరిగితే మేల్కొని అతుకుతుందని, అందుకే చిన్న దెబ్బే ఒక్కోసారి ఎక్కువ చంపుతుందని కొందరి ఊహ. నేను శ్రావంతికి ఇలా చెప్పాను: "అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ ఉంటాడు చూడు. తలుపు పగలగొడితే లేచి విజిల్ వేస్తాడు. చెప్పుల జత ఎత్తుకుపోతే నిద్రలోనే ఉంటాడు. చిన్న మోతాదు చెప్పుల దొంగ."

ఆమె ఎగిరి గంతేసింది. సుబ్బారావుగారు విని మెచ్చుకున్నారు. పెద్ద సదస్సులో చెప్పడానికి రాసుకున్న ప్రసంగంలో ఆ వాచ్‌మన్‌ను పెట్టారు. నా పోలిక శాస్త్రవేత్తల సభకు వెళుతోందని అంజయ్యగారికి చెప్పుకుని మురిశాను.

ఇప్పుడు ఆలోచిస్తే, మోతాదుతో పాటు చావు పెరగకపోవడానికి ఇంకో కారణం కళ్ళ ముందే ఉంది. చంపింది మోతాదు కాకపోతే కూడా అలాగే ఉంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతి డిష్‌లో కణాలకు తిండిగా పోసే ద్రవం నారింజ ఎరుపు నుంచి ముదురు గులాబీకి మారి ఉండేది. ఇంక్యుబేటర్ గాలికి దూరమైతే అలా అవుతుంది, కణాలకు అది పడదు. ఆ రంగు రోజూ చూశాను. మూత తీసి, చూసి, లోపల పెట్టేశాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట: మంచి వివరణ దొరికిన రోజు మరీ జాగ్రత్తగా ఉండండి. ఆ రోజే కళ్ళు చూడటం మానేస్తాయి.

మిషన్ చెడిపోయిన రోజు

ఎండాకాలం. శ్రావంతీ నేనూ డబ్బాతో ఆసుపత్రికి వెళ్ళాం. డేవిడ్‌గారు బయటికొచ్చి తల అడ్డంగా ఊపారు.

"టైమర్ పనిచేస్తలేదమ్మా. పొద్దటి నుంచి పేషెంట్లనే వాపస్ పంపుతున్నం. మీ డబ్బాకు ఏం చెయ్యను?"

తిరిగి ఆటో ఎక్కాం. యాదగిరి వెనక్కి తిరిగి చూశాడు. "ఏంది, పిల్లలకు కరెంటు పెట్టియ్యకుండనే తెస్తున్నరు?"

"డాక్టర్ లేడన్నా," అంది శ్రావంతి.

"బచాయించిండ్రు పో. ఇయ్యాల మీ పిల్లలకు పండుగ."

ల్యాబుకొచ్చాక నేను వాటిని పారేద్దామన్నాను. "రేడియేషనే తగల్లేదు, ఇంక్యుబేటర్‌లో చోటు దండగ."

"ఉండనీ అక్కా. పారేస్తే పాపం. రంగు వేసుడు ప్రాక్టీస్ చేస్తా."

రెండు వారాల తర్వాత ఆమె రంగు వేసింది. లెక్కపెట్టింది. నేను వేరే పనిలో ఉన్నాను. కాసేపటికి చూస్తే, స్టూలు మీద కూర్చుని డిష్‌లను వెలుతురులో పెట్టి తిప్పుతోంది.

"అక్కా, ఇవి రేడియేషన్ ముట్టని డిష్‌లు."

"అవును."

"వీటిల సుత నాలుగో వంతు తక్కువున్నయ్."

నేను డిష్ తీసుకుని లెక్కపెట్టాను. ఆమె లెక్కే సరి. మిషన్ నడవని రోజు కూడా కణాలు మిషన్ నడిచినట్టే చచ్చాయి.

ఊరికే ఒక చుట్టు

ఆమె ఎవరికీ చెప్పలేదు. మరుసటి వారం డిష్‌లు సిద్ధం చేసి, సగం ఇంక్యుబేటర్‌లో ఉంచి, సగం డబ్బాలో పెట్టి ఆటో పిలిచింది. నేనూ ఎక్కాను. ఆసుపత్రి గేటు దగ్గర యాదగిరి ఆపాడు.

"దిగరా?"

"లేదన్నా. కాసేపు ఆగి, వాపస్ పోదాం."

"గేటు దాకొచ్చి ఎన్కకు మళ్ళుడేంది? లోపల ఎవరితోనన్న లొల్లి అయిందా?"

"కాలేదన్నా. ఊరికే తిప్పుతున్న."

"ఊరికే తిప్పనీకి పిల్లలేమన్న ఏడుస్తున్నరా?" అని నవ్వాడు. శ్రావంతి నవ్వలేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది, కుదుపు తగలకుండా చూస్తున్నట్టు. తర్వాత ఒక్కసారిగా చేతులు తీసేసింది. "కుదుపు తగలనియ్యాలె కదా," అంది మెల్లగా. "ఎప్పటి తీరుగనే పోవాలె."

ఆ మాట నేను మర్చిపోలేదు. తన రెండేళ్ళ పని కూలిపోతుందేమో చూడటానికి వెళుతూ, ఆ పరీక్షను తనకు అనుకూలంగా వంచలేదు.

రెండు వారాలకు వచ్చిన చుక్కలు కూడా అదే చెప్పాయి. ఆటో ఎక్కినవి తక్కువ, ఎక్కనివి ఎక్కువ.

సార్ గదిలో

సుబ్బారావుగారి సదస్సు దగ్గరికొచ్చింది. వ్యాసం అప్పటికే పత్రికకు వెళ్ళింది. శ్రావంతి రెండు వరసల డిష్‌లు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, జరిగింది ఒక్కో వాక్యంగా చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆయన మొదట నమ్మలేదు. "నీ చేతి తప్పేమో చూశావా?"

"పుష్పక్క సుత లెక్కపెట్టింది సార్."

కళ్ళద్దాలు పెట్టుకుని తానే లెక్కపెట్టారు. పెన్ను కింద పెట్టారు. అప్పుడన్నారు, "అయితే ఇన్నాళ్ళూ మనం కొలిచింది రేడియేషన్ని కాదు. ఆటోని."

డిష్‌లను ఒక పక్కకు జరిపారు.

"సార్," అంది శ్రావంతి. "వాచ్‌మన్ మాట తప్పని తేలలేదు. ఆటో చంపింది ఎంతో, చిన్న మోతాదు చంపింది ఎంతో విడదీయలేదంతే. ఈసారి కంట్రోల్‌ను సుత తీస్కపోత. మిషన్ పక్క గదిల పెట్టి వాపస్ తెస్త. మూడు నెలలియ్యండి సార్. ఉందో లేదో తేల్చేస్త."

"వద్దు."

"సార్, ఒక్కసారి..."

"వద్దన్నానా! పత్రికకు ఇవాళే ఉత్తరం రాస్తాను, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని. సదస్సుకి వెళ్ళను. మళ్ళీ అదే విషయం మీద పని చేస్తే ఏవంటారు? ఆటోవాళ్ళు మళ్ళీ వచ్చారంటారు. నీకు వేరే టాపిక్ ఇస్తాను."

ఆయన ఏమీ దాచలేదు, సాగదీయలేదు. ఆ రోజే ఉత్తరం పోయింది. అబద్ధం అచ్చు వేయని పెద్దమనిషిగా ఆయన మీద నా గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది. కానీ ముసలితనంలో ముఖస్తుతి ఎందుకు, ఉన్నది రాస్తాను. తప్పు ఒప్పుకోవడానికి ఆయన నిజాయితీ సరిపోయింది, తప్పు దిద్దుకోవడానికి సరిపోలేదు. తప్పుడు జవాబుతో పాటు అసలు ప్రశ్నను కూడా పారేశారు. ఆ ప్రశ్న ఆయనది కాదు, శ్రావంతిది.

నేను ఒక్కసారి అడిగాను. "సార్, ఆ పిల్లకు మూడు నెలలు ఇస్తే పోయేదేముంది?"

"నువ్వు కూడానా పుష్పలతా? నీ వాచ్‌మన్‌ను నమ్మే కదా ఇంత దూరం వచ్చాం."

ఆ మాటతో నేను ఆగిపోయాను. రెండోసారి అడగలేదు.

తర్వాత

శ్రావంతికి మందులూ పెద్ద మోతాదులూ కలిపిన వేరే పని ఇచ్చారు. వంక లేకుండా చేసింది. కానీ ఆమె ముందులా నా చెయ్యి పట్టి లాగి "చూడు అక్కా" అని ఎప్పుడూ అనలేదు. ఏడాది తిరక్కుండా ఫెలోషిప్ వదిలేసి, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడానికి వెళ్ళిపోయింది. వెళ్ళే వారం తలుపు వెనక ఆ కాగితం అంటించింది. సార్ చూశారు. తీయమనలేదు. అప్పటి నుంచి మా ల్యాబులో కంట్రోల్ డిష్ ప్రయాణం చేయని రోజు లేదు. అంటే ఆమె అడిగిన పద్ధతి అందరికీ దక్కింది, ఆమెకు తప్ప.

తర్వాత గ్రంథాలయంలో చదువుతూ వచ్చాను. చిన్న మోతాదుకు కొన్ని రకాల కణాలు నిజంగానే ఎక్కువగా చస్తాయని, కొన్ని అసలు లెక్కచేయవని, ఒక్కోచోట ఒక్కోలా వస్తుందని అర్థమైంది. మా డిష్‌లలోని కణాలు ఏ రకమో మాకు తెలియదు. ఆటో చంపిన వాటి పక్కన, చిన్న మోతాదు చంపినవి కూడా కొన్ని ఉన్నాయేమో. లేవేమో. మూడు నెలల్లో తేలే సంగతి.

సుబ్బారావుగారు రిటైరై మారేడుపల్లిలో ఉండేవారు. చివరి రోజుల్లో చూడటానికి వెళ్ళాను. మాటల మధ్యలో కిటికీ వైపు తిరిగి అన్నారు, "ఆ పిల్లకి ఆ మూడు నెలలు ఇవ్వాల్సింది."

"ఆ మాట ఆమెకు చెప్పండి సార్. నంబరు నా దగ్గరుంది."

"ఏ మొహంతో?"

నంబరు చీటీ మీద రాసి టీపాయ్ మీద పెట్టి వచ్చాను. ఆయన ఫోన్ చేయలేదు. కొన్నాళ్ళకు పోయారు.

ఆ మాట నేనే మోసుకెళ్ళాను. శ్రావంతి కాలేజీకి వెళ్ళేసరికి ఆమె పిల్లలతో మెట్ల మీద ఉంది. పిల్లలు రెండు గ్లాసుల్లో పెసలు మొలకెత్తించారు. ఒకటి డాబా మీద ఎండలో పెట్టాలి, ఒకటి గదిలోనే ఉండాలి. కానీ రెండు గ్లాసులనూ డాబా మీదికి ఎక్కించి, ఒకదాన్ని మళ్ళీ కిందికి దింపిస్తోంది.

"మేడం, ఇది కిందనే ఉండేదే కదా, పైకెందుకు?" ఒక అమ్మాయి మూలిగింది.

"మెట్లెక్కిన తక్లీఫ్ దానికి సుత తెలవాలె. నడువు."

నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. సార్ అన్న మాట చెప్పాను. విని, గోడకు ఆనుకుంది.

"ఇచ్చుంటే ఏం తేలేదో అక్కా. 'ఏం లేదు, అంతా ఆటోనే' అని తేలేదేమో. అట్ల తేలినా మంచిదే. ఆ 'లేదు' అయినా నాదయ్యేది. మా పెద్దమ్మకు చెప్పుకునేదాన్ని, అడిగిన పెద్దమ్మా, లేదట, అని. ఇప్పుడు ఏం చెప్పాలె?"

ఇన్నేళ్ళ చదువులో ఆ ఒక్కదానికి పుస్తకం దొరకలేదు.

చేతులు జోడించి

నాకు ఫ్యాను కింద బల్ల ఇచ్చిన అంజయ్యగారికి, రోగుల మధ్య మాకూ చోటిచ్చి డోసు లెక్క కట్టిన డేవిడ్‌గారికి, మా డిష్‌లను పిల్లల్లా మోసిన యాదగిరికి, ఇడ్లీ పిండి దగ్గర మొదలుపెట్టి నాకు పని నేర్పిన సుబ్బారావుగారికి, అడగడానికి సిగ్గుపడని మౌనికకు నమస్కారాలు.

అందరికంటే ఎక్కువగా శ్రావంతికి. ఆమె పేరు మా ల్యాబు అచ్చు వేసిన ఏ వ్యాసంలోనూ లేదు. మౌనికా, ఆ కాగితం ఎవరు రాశారని ఇంకెవరైనా అడిగితే చెప్పు. వీలైతే కింద ఆమె పేరు రాయి. ఇంకొక పని కూడా. ఇప్పుడు మిషన్ మీ కింది ఫ్లోర్‌లోనే ఉంది. కాలేయ కణాలు ఫ్రీజర్‌లో ఉన్నాయి. చిన్న మోతాదు ఇచ్చి, కంట్రోల్‌ను కూడా లిఫ్టు ఎక్కించి, ఒక్కసారి చేసి చూడు. ఉందని తేలినా, లేదని తేలినా, నాకు కాదు, ముందు ఆమెకు ఫోన్ చెయ్యి.